ఐదు గంటల నిద్ర, అయినదానికీ కానిదానికీ కోపం

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఇంటి నుంచే కాలేజీకి వెళ్లొస్తుంది. తెల్లవారి 5కి లేపుతాం, 6:20కి బస్సు. సాయంత్రం 7:15కి ఇల్లు చేరుతుంది. తొమ్మిదిన్నరకి టీ తాగి పన్నెండు దాకా చదువుతుంది. ఆదివారం పదకొండైనా లేవదు. పదో తరగతి దాకా ఎంతో నెమ్మదస్తురాలు. ఇప్పుడు అయినదానికీ కానిదానికీ విరుచుకుపడుతోంది. మొన్న చట్నీలో ఉప్పు తక్కువైందని మొదలుపెట్టి అరగంట ఏడ్చింది. తమ్ముడు పెన్ను తీశాడని లంచ్ బాక్స్ విసిరికొట్టింది. కాసేపాగి తనే వచ్చి ‘సారీ అమ్మా, నాకేమైందో నాకే తెలీట్లేదు’ అంటుంది. మావారు పొగరంటారు. మా అత్తగారు వయసు ప్రభావం అంటారు. డాక్టరుకి చూపించాలా?
– ఒక తల్లి, ఖమ్మం

సమాధానం: అమ్మా, ముందు మీరే రాసిన వేళలతో చిన్న లెక్క చేద్దాం. పన్నెండుకి పుస్తకం మూసి ఐదుకి లేస్తోందంటే, తల దిండుకి తగలగానే నిద్ర పట్టినా ఐదు గంటలే. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో తేల్చింది. అందులో తక్కువదైన ఎనిమిదే పట్టుకున్నా ఆరు రోజులకి 18 గంటలు బాకీ. ఆదివారం పదకొండు దాకా పడుకుంటే తీరేది అందులో రెండు మూడు గంటలు. మిగతాది నెత్తిన పెట్టుకునే సోమవారం బస్సెక్కుతోంది. ఇలా ఎన్ని నెలలుగా సాగుతోందో మీకే తెలుసు.

అందుకని మా సలహా ఇది. చివర్లో కొన్ని లక్షణాలు చెబుతాం. వాటిలో ఏ ఒక్కటున్నా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. అవేవీ లేకపోతే మూడు వారాలు నిద్ర సరిచేసి చూడండి. కోపంలో ఎంత భాగం తనది, ఎంత భాగం నిద్రలేమిది అన్నది ఆ తర్వాతే తెలుస్తుంది. ఇప్పుడు రెండూ కలిసిపోయి ఉన్నాయి.

‘సారీ అమ్మా, నాకేమైందో తెలీట్లేదు’ అన్న మాటను మీవారికి మరోసారి వినిపించండి. పొగరున్న పిల్ల ఆ మాట అనదు. కోపం రావడం వేరు, వచ్చిన కోపాన్ని పట్టి ఆపడం వేరు. మెదడులో అమిగ్డాలా అనే చిన్న భాగం ప్రమాదాన్ని, అవమానాన్ని పసిగట్టి వెంటనే గంట కొడుతుంది. నుదుటి వెనకుండే భాగం ‘ఆగు, అది ఉప్పే కదా’ అని సర్దిచెబుతుంది. 2007లో నిద్ర పరిశోధకుడు మాథ్యూ వాకర్, ఆయన సహచరులు సుమారు 35 గంటలు నిద్రలేకుండా ఉన్న యువతీయువకులకి బాధ కలిగించే బొమ్మలు చూపిస్తూ మెదడు స్కాన్ తీశారు. నిద్రపోయినవాళ్లతో పోలిస్తే అమిగ్డాలా స్పందన 60 శాతం ఎక్కువగా ఉంది. అంతకంటే ముఖ్యం, సర్దిచెప్పే భాగంతో దాని సంబంధం బలహీనపడింది. గంట గట్టిగా మోగుతోంది, ఆపే చెయ్యి అందడం లేదు. పైగా పదహారేళ్ల వయసులో ఆ నుదుటి వెనక భాగం ఇంకా ఎదుగుతూనే ఉంటుంది.

35 గంటల మెలకువ మన పిల్లలకి వర్తించదంటారేమో. 2014లో అమెరికాలోని సిన్సినాటీ పిల్లల ఆసుపత్రి పరిశోధకులు 14–17 ఏళ్ల పిల్లలు యాభై మందిని ఐదు రాత్రులు ఆరున్నర గంటలు, మరో ఐదు రాత్రులు పది గంటలు పడకమీద ఉంచి చూశారు. ఆరున్నర గంటల వారంలో పిల్లలకి ఆందోళన, కోపం, గందరగోళం పెరిగాయి. చిరాకు, ఎదురుతిరగడం ఎక్కువైందని పిల్లలతో పాటు తల్లిదండ్రులూ చెప్పారు. ఆ పిల్లలంతా ఆరోగ్యంగా ఉన్నవాళ్లే. మీ అమ్మాయికి దొరుకుతున్నది అంతకంటే గంటన్నర తక్కువ.

ఎన్ని గంటలన్నది ఒక్కటే కాదు, ఏ గంటలు పోతున్నాయన్నదీ చూడాలి. రాత్రి మొదటి భాగంలో గాఢనిద్ర ఎక్కువ. కలలొచ్చే ఆర్‌ఈఎం నిద్ర చివరి భాగంలో, అంటే తెల్లవారుజామున ఎక్కువ. పగటి అనుభవాల్లోని పదును తగ్గి అవి మామూలు జ్ఞాపకాలుగా సర్దుకోవడంలో ఈ కలల నిద్రకి పాత్ర ఉందని పరిశోధకులు భావిస్తున్నారు. ఐదింటి అలారం కోసేస్తున్నది సరిగ్గా ఆ భాగాన్నే.

మీ అత్తగారి మాటలోనూ నిజముంది. యుక్తవయసులో నిద్ర గడియారం వెనక్కి జరుగుతుంది. చీకటి పడ్డాక నిద్రకి సిద్ధం చేసే మెలటోనిన్ వీళ్లలో ఆలస్యంగా విడుదలవుతుంది, చిన్నపిల్లలతో పోలిస్తే రెండు గంటల దాకా తేడా రావచ్చు. రోజంతా పేరుకునే నిద్రమత్తు కూడా వీళ్లలో నెమ్మదిగా పేరుకుంటుంది. బ్రౌన్ యూనివర్సిటీలో మేరీ కార్స్‌కాడన్ దశాబ్దాలుగా చేసిన పని ఇదే. అందుకే తొమ్మిదికి పడుకోమంటే ‘నిద్ర రావట్లేదు’ అంటారు. అది సాకు కాదు. ఈ కారణంగానే కాలిఫోర్నియాలో హైస్కూళ్లు ఉదయం 8:30 కంటే ముందు మొదలుకాకూడదన్న చట్టం 2022 జులై నుంచి అమల్లోకి వచ్చింది. మన దగ్గర అదే వేళకి పిల్లలు రెండో పీరియడ్‌లో కూర్చుని ఉంటారు. తల్లిదండ్రుల సమావేశాల్లో మార్కుల గురించి అడిగినంత గట్టిగా బస్సు వేళ గురించి కూడా అడగాలని మా కోరిక.

‘తెల్లవారుజామున చదివితే బుర్రకెక్కుతుంది’ అన్న నమ్మకం మీ ఇంట్లోనూ ఉండి ఉంటుంది. దాన్ని కొట్టిపారేయం. ఆ మాట పుట్టిన ఇళ్లలో ఎనిమిదిన్నరకి దీపం ఆర్పేవాళ్లు. నాలుగున్నరకి లేచినా ఎనిమిది గంటల నిద్ర పూర్తయ్యేది. పన్నెండుకి పడుకునే పిల్లకి ఐదు గంటలంటే బ్రాహ్మీ ముహూర్తం కాదు, నడి నిద్ర.

ఇక చేయాల్సింది. బస్సు వేళ మీ చేతుల్లో లేదు. కాబట్టి రెండు వైపులా కొంచెం కొంచెం జరపాలి.

ఉదయం వైపు మొదటి రోజే జరపొచ్చు. 6:20 బస్సుకి ఐదుకి లేవాల్సిన పని లేదు. బ్యాగు, యూనిఫాం, నీళ్ల సీసా, ఐడీ కార్డు రాత్రే ఒకచోట పెడితే 5:40కి లేచినా సరిపోతుంది. ఈ నలభై నిమిషాలూ కలల నిద్రలోంచి తిరిగొచ్చేవే. తలస్నానం బస్సున్న రోజు పొద్దున పెట్టుకోకుండా ఆదివారానికో, సాయంత్రానికో మార్చండి. అలారం ఒక్కటే, 5:40కి. 5:10 నుంచి పది నిమిషాలకోసారి మోగించి ఆపేస్తుంటే ఆ అరగంట నిద్రా కాదు, మెలకువా కాదు. లేవగానే పది నిమిషాలు గుమ్మం బయటో, డాబా మీదో నిలబడనివ్వండి. శీతాకాలంలో అప్పటికి వెలుతురు రాదు. అలాంటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చోమనండి. పొద్దుటి వెలుతురే రాత్రి నిద్రని ముందుకు లాగే బలమైన పగ్గం.

రాత్రి వైపు తొందరపడితే చెడుతుంది. పన్నెండుకి అలవాటైన పిల్లని రేపే పదిన్నరకి పడుకోమంటే గంటన్నర అటూ ఇటూ దొర్లుతుంది. మనిషి రోజూ నిద్రపోయే వేళకి రెండు మూడు గంటల ముందు శరీరం బాగా చురుగ్గా ఉంటుంది, అప్పుడు బలవంతాన నిద్ర రాదు. రెండు రోజులు అలా దొర్లాక ‘ఇదంతా దండగ’ అని వదిలేస్తుంది. మూడు రాత్రులకోసారి ఇరవై నిమిషాల లోపే జరపండి: 11:40, 11:20, 11:00, 10:45, 10:30. రెండు వారాలు పడుతుంది. 10:30కి పడుకుని 5:40కి లేస్తే ఏడు గంటలు. ఎనిమిది కాదని మాకూ తెలుసు. బస్సు అలా ఉన్నంతకాలం ఏడుని ఏడుగా కాపాడుకోవడమే పెద్ద విషయం. వారానికి పన్నెండు గంటలు కలిసొస్తాయి.

చదువు సంగతి ఏమిటంటారు. ఇంటికి రాగానే స్నానం, ఎనిమిదిలోపు అన్నం. 8:15 నుంచి 10 దాకా మధ్యలో పది నిమిషాలు ఆపి రెండు విడతలు. కొత్త చాప్టరు, లెక్కలు మొదటి విడతలో. చదివింది తిరగేయడం, ఫార్ములాలు రాసుకోవడం రెండో విడతలో. రాత్రి పది, పన్నెండు మధ్య చదువు పోతుందని మీవారు బాధపడొచ్చు. సింగపూర్‌లో 15–19 ఏళ్ల విద్యార్థులు 56 మందితో 2016లో వచ్చిన అధ్యయనం చెప్పండి. వారంపాటు రోజుకి ఐదు గంటలు మాత్రమే పడుకున్నవాళ్ల ఏకాగ్రత రోజురోజుకీ పడిపోతూ వచ్చింది. ఆ తర్వాత రెండు రాత్రులు తొమ్మిది గంటలు పడుకోనిచ్చినా పూర్తిగా మామూలు స్థితికి రాలేదు. ఆ ఐదు గంటలే మీ అమ్మాయివి కూడా. ఒక్క రాత్రి కూడబెట్టిన గంట మర్నాడు ఆరు పీరియడ్లలో కారిపోతోంది.

టీ. తొమ్మిదిన్నర టీని ఆపాలి. శరీరంలో కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. అంటే రాత్రి రెండున్నరకి కూడా సగం లోపలే ఉంటుంది. నిద్ర పట్టినా అది లోతుకి దిగదు. సాయంత్రం నాలుగు తర్వాత టీ, కాఫీ, కోలా వద్దు. బదులు పల్చటి మజ్జిగో, గోరువెచ్చని పాలో ఇవ్వండి. ఒక్కసారిగా మానితే రెండు మూడు రోజులు తలనొప్పి, చిరాకు ఉంటాయి. భయపడి మళ్లీ మొదలుపెట్టకండి. లేదంటే నాలుగు రోజులు సగం కప్పు చేసి తర్వాత ఆపండి. స్నేహితులతో ఎనర్జీ డ్రింకులు తాగుతోందేమో మెల్లగా అడగండి. మన దేశ నిబంధనల ప్రకారం వాటిలో లీటరుకి 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండొచ్చు, పిల్లలకి తగదని డబ్బా మీదే రాసుంటుంది.

ఫోన్ గురించి మీరు రాయలేదు, కానీ ఉండే ఉంటుంది. వెలుతురు కంటే అందులో వచ్చేదే ఎక్కువ చెరుపు: క్లాసు గ్రూపులో పదకొండింటికి వచ్చే టెస్ట్ మార్కులు, ఎవరికెంత ర్యాంకన్న లెక్కలు. అది చదివాక గుండె దడదడలాడుతుంటే నిద్ర ఎలా పడుతుంది? ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. కోపమొచ్చిన రోజు ఫోన్ లాక్కోవడం. దాంతో నిద్ర కోసం పెట్టిన నియమం కాస్తా శిక్షగా మారిపోతుంది, రోజూ దానిమీదే గొడవ. ఇంట్లో అందరి ఫోన్లూ, మీవి, మీవారివి, తమ్ముడివి కూడా, 10:15కి హాల్లో టీవీ పక్కన ఛార్జింగ్‌కి పెట్టండి. అలారానికి మామూలు గడియారం కొనండి. మీ ఫోన్ మీ మంచం మీదే ఉంటే ఈ నియమం నాలుగో రోజుకి పోతుంది.

పుస్తకం మూసిన వెంటనే ఐదు నిమిషాలు రేపు చేయాల్సిన పనులన్నీ కాగితం మీద రాయమనండి. ఎంత వివరంగా రాస్తే అంత మంచిది: ‘ఫిజిక్స్ చదవాలి’ అని కాదు, ‘రొటేషన్‌లో 12 నుంచి 20 లెక్కలు’ అని. బేలర్ యూనివర్సిటీ వాళ్లు 2018లో 57 మంది యువతీయువకులతో చేసిన ప్రయోగంలో, చేయబోయే పనులు రాసుకున్నవాళ్లు అయిపోయిన పనులు రాసినవాళ్లకంటే సుమారు తొమ్మిది నిమిషాల ముందు నిద్రపోయారు.

పడుకునే మంచం మీదే కూర్చుని చదువుతోందా? చాలా ఇళ్లలో అంతే, వేరే గది ఉండదు. మంచం అంటే ఆర్గానిక్ కెమిస్ట్రీ అని శరీరానికి అలవాటైతే పడుకున్నా బుర్ర తిరుగుతూనే ఉంటుంది. చదువుకి కింద చాప వేయండి, లేదా డైనింగ్ టేబుల్ ఇవ్వండి. పడక వేళకే దుప్పటి పరవండి. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే లేచి మసక వెలుతురులో కూర్చుని, మగతొచ్చాక మళ్లీ పడుకోవాలి. గడియారం మాత్రం చూడకూడదు. ‘ఇంకా ఐదు గంటలే ఉంది’ అన్న లెక్క మొదలైతే ఉన్న కాస్త మగతా పోతుంది.

కలత నిద్ర ఎనిమిది గంటలు పోయినా సుఖం ఉండదు. అందుకే ఒక రాత్రి మీరే ఆ గదిలో గమనించండి. దోమలు కుడుతున్నాయా, వీధి దీపం కళ్లలో పడుతోందా, పక్క గదిలో టీవీ పదకొండు దాకా మోగుతోందా. దోమతెర, ముదురు రంగు కర్టెన్ వంటి చిన్న ఖర్చుతో చాలా రాత్రులు బాగుపడతాయి. ఇంకో రెండు విషయాలు తప్పక చూడండి. ఒకటి, పడుకోగానే ‘కాళ్లు లాగుతున్నాయి, ఊరికే ఉంచలేకపోతున్నా’ అంటుందా? ఐరన్ తక్కువైన వాళ్లలో ఇది కనిపిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం మన దేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. హీమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించమని డాక్టర్ని అడగండి, హీమోగ్లోబిన్ బాగున్నా ఐరన్ నిల్వలు అడుగంటి ఉండొచ్చు. రెండు, నోరు తెరిచి పడుకుని గట్టిగా గురక పెడుతుందా, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడుతుందా? అయితే చెవి ముక్కు గొంతు డాక్టర్‌కి చూపించాలి. ఎన్ని గంటలు పడుకున్నా అలాంటి నిద్రతో మెదడు తేరుకోదు. ‘ఒక్క రాత్రికే కదా’ అని దగ్గు సిరప్పో, జలుబు మాత్రో, మందుల షాపులో అడిగి మెలటోనినో ఇవ్వకండి.

ఆదివారం పదకొండు దాకా పడుకోనివ్వాలా వద్దా అన్నది చాలామందికి తేలని విషయం. శనివారం ఒంటి గంటకి పడుకుని ఆదివారం పదకొండుకి లేస్తే నిద్ర నడిమధ్య తెల్లవారి ఆరుకి పడుతుంది. మామూలు రోజుల్లో అది రెండున్నర. మూడున్నర గంటల తేడా. మనకీ కువైట్‌కీ మధ్య కాలం తేడా రెండున్నర గంటలే. ప్రతి ఆదివారం అంతకంటే దూరం వెళ్లి సోమవారం తెల్లవారేసరికి తిరిగొచ్చినట్టు ఉంటుంది శరీరానికి. ఆదివారం రాత్రి నిద్ర పట్టక, సోమవారమే ఇంట్లో పెద్ద గొడవలు కావడానికి ఇదొక కారణం. బాకీ ఉన్న పిల్లని ఆదివారం ఐదున్నరకి లేపడం అన్యాయం. ఏడున్నర, ఎనిమిది మధ్య లేపి, మధ్యాహ్నం భోజనమయ్యాక అరగంట పడుకోనివ్వండి, మూడు దాటకుండా. బస్సు విషయంలోనూ అంతే: ఉదయం బస్సులో కునుకు మంచిదే, సాయంత్రం ఆరున్నర బస్సులో తీసే కునుకు రాత్రి నిద్రని తినేస్తుంది. తిరుగు ప్రయాణంలో స్నేహితురాలితో కబుర్లు చెప్పుకుంటూ రమ్మనండి.

ఈ రెండు వారాలూ కోపం వస్తూనే ఉంటుంది. అప్పుడు ఏం చేయాలో ముందే అనుకుని ఉండాలి. నిద్రలేని బుర్రకి తర్కం ఎక్కదు. ‘ఉప్పు కోసం ఇంత గొడవా’ అని వాదిస్తే ఆ వాదనే కొత్త గొడవవుతుంది. గొంతు తగ్గించి ‘సరే, తర్వాత మాట్లాడుకుందాం’ అని పక్కకి వెళ్లండి. నీళ్లిచ్చి వదిలేయండి. లంచ్ బాక్స్ విసరడం తప్పే, ఆ మాట చెప్పాలి, కానీ మర్నాడు, కడుపు నిండా తిన్నాక. మార్కుల మెసేజ్ రాత్రి తొమ్మిదికి మీ ఫోన్‌కి వచ్చినా నోరు విప్పకండి. ఆ మాటలకి ఆదివారం మధ్యాహ్నం కునుకు తర్వాత వేళ మంచిది. రాత్రి గొడవ నిద్రని చెడగొడుతుంది, చెడిన నిద్ర మర్నాటి గొడవకి దారితీస్తుంది. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలంటే పెద్దవాళ్ల వైపు నుంచే సులువు.

ఒక నోట్‌బుక్ తనకే ఇవ్వండి. పడుకున్న వేళ, లేచిన వేళ, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, రాత్రి ఎనిమిదికి మనసు పదికి ఎంత బాగుంది. నాలుగు అంకెలు, నిమిషం పని. మీరు రాయొద్దు, అడగకుండా తీసి చూడొద్దు. రెండు వారాల తర్వాత తనే ముందు కూర్చుని చూసుకోనివ్వండి. మీ వైపు నుంచి కోపం ఎన్నిసార్లు వచ్చిందన్నదే కాదు, వచ్చాక ఎంతసేపటికి చల్లారిందో కూడా గమనించండి. అరగంట ఏడుపు పది నిమిషాలకి దిగితే పద్ధతి పనిచేస్తున్నట్టే. పరీక్షలు దగ్గరపడ్డాక ఈ వేళలన్నీ మళ్లీ జారిపోతాయి. అప్పుడు కూడా లేచే వేళని మాత్రం కదపకండి.

ఇక మేము మొదట చెప్పిన లక్షణాలు. రెండు వారాలకి పైగా రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉండటం, ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోవడం. అలసట తీరా పడుకునే అవకాశమున్నా నిద్ర పట్టకపోవడం, లేదా మూడింటికే మెలకువ వచ్చి భయాలు చుట్టుముట్టడం. మూడు నాలుగు గంటలే పడుకుని అలసట అన్నది లేకుండా, ఎన్నడూ లేనంత హుషారుగా, ఆగకుండా మాట్లాడుతూ ఉండటం. తిండి బాగా తగ్గిపోవడం. చేతుల మీద గాట్లు, ‘నేను లేకపోతేనే మీకు బాగుంటుంది’ వంటి మాటలు. చివరిదాని మీద అనుమానముంటే నేరుగా అడగండి: ‘చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా, అమ్మా?’ అడిగితే లేని ఆలోచన పుట్టదు, దాచుకున్నది బయటికొస్తుంది. ఒంటరిగా వదలకండి. మానసిక సమస్యలకి ప్రభుత్వం ఫోన్‌లో సాయమందించే టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళైనా పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఇలాంటప్పుడు ‘ముందు నిద్ర సరిచేద్దాం, తర్వాత చూద్దాం’ అని ఆగొద్దు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లండి, నిద్ర సంగతి కూడా అక్కడే చెప్పండి.

ఇవేవీ లేకపోతే ఈ రాత్రికే మొదలుపెట్టొచ్చు. తనతో కోపం ఊసెత్తకండి. ‘నీ నిద్ర సరిపోవట్లేదని మాకు ఇప్పుడు తెలిసింది. రేపటి నుంచి ఐదుకి లేపం, 5:40కి లేద్దువుగాని. బ్యాగు ఇద్దరం కలిసి ఇప్పుడే సర్దేద్దాం’ అనండి. నలభై నిమిషాలు ఇచ్చాక మిగతా మాటలకి చెవి ఒగ్గుతుంది. టీ, ఫోన్ సంగతి మూడో రోజు ఎత్తితే చాలు.